మార్తలతో నిండిన డిసెంబరు

2016 డిసెంబరు 26వ తేదీ. పండుగ మరునాడు విశ్వాసుల ఇళ్లను దర్శించడం మా సంఘంలో ఆనవాయితీ. ఆ ఉదయం ఒక సహోదరి ఇంటికి వెళ్లాం. గోడలకు కొత్త వెల్ల, గుమ్మం మీద నక్షత్రం, మూలన పిల్లలు కట్టిన పశువుల పాక. డబ్బాల నిండా అరిసెలు, కజ్జికాయలు. ఆమె మాత్రం వంటింటి గడపకు ఆనుకొని కూర్చుని ఉంది. పాదాలు రెండూ వాచి ఉన్నాయి. ‘పండుగ బాగా జరిగిందా అమ్మా?’ అని అడిగాం. ‘ఎప్పుడు అయిపోతుందా ప్రభువా అని ప్రార్థన చేసుకున్నానండీ అయ్యగారూ’ అంది. మాతో వచ్చిన పెద్దలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ప్రజలందరికీ మహా సంతోషం కలిగించే వార్తగా దూత గొర్రెల కాపరులకు తెలిపిన సంగతి (లూకా 2:10) ఒక విశ్వాసురాలి ఇంట్లో ఎప్పుడు వదులుతుందా అనిపించే భారమైంది. ఇందులో మా వంతు ఎంత అని ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాం. ఆ డిసెంబరులో పుల్పిట్ మీద నుంచి మేము ప్రకటించిన కార్యక్రమాలు 19. స్త్రీల సమాజానికి ఒకటి, యౌవనస్థులకు ఒకటి, సండే స్కూలుకు ఒకటి, పేటలవారీగా మూడు, వెరసి ఆరు సెమీ క్రిస్మస్‌లు. తొమ్మిది రాత్రులు క్యారల్ రౌండ్లు. ఆపైన క్యాండిల్ లైట్ సర్వీసు, పండుగ ఆరాధన, ప్రేమవిందు, 31 రాత్రి వాచ్‌నైట్. ప్రతి దానికీ ఎవరో ఒకరు వండాలి, ఊడ్వాలి, పిల్లలను ముస్తాబు చేయాలి. ఆ ‘ఎవరో ఒకరు’ చాలా ఇళ్లలో ఒకే మనిషి. కొత్త బట్టలకు తెచ్చిన అప్పు సంగతి వేరే. సంఘంలో అందరూ వేసుకుంటే మన పిల్లలు పాతవి ఎలా వేసుకుంటారు అనే ఒక్క మాట మీద వడ్డీకి తెచ్చిన కుటుంబాలు మాకు తెలుసు. జూన్‌లో బడి ఫీజుల నాటికి కూడా ఆ వడ్డీ తీరదు.

లెక్కయితే వేశాం గాని, మారలేదు. తరువాతి ఏడాది కూడా అన్నే కార్యక్రమాలు పెట్టాం. 2017 డిసెంబరు 25న ప్రసంగం మూడో భాగంలో ఉండగా కళ్ల ముందు చీకటి కమ్మింది. ఒళ్లంతా చెమట. పెద్ద ఒకాయన కుర్చీ తెచ్చి వేశాడు. మిగతా ప్రసంగం ఆ సంవత్సరం ఎవరూ వినలేదు, వినలేదని ఎవరూ బాధపడలేదు కూడా. రెండో రోజు పరీక్ష చేయిస్తే షుగరు 312. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, ‘రాత్రుళ్లు ఎన్ని టీలు తాగుతున్నారు?’ అని. రౌండ్‌కు పద్నాలుగు ఇళ్లు తిరుగుతాం. వద్దంటే చిన్నబుచ్చుకుంటారని ఆరింట్లోనైనా టీ తాగుతాం. టీకి రెండు చెంచాల చొప్పున పన్నెండు చెంచాల పంచదార, దాని మీద కేకు ముక్కలు. పడుకునేసరికి రాత్రి ఒంటిగంట. ఐదింటికి మళ్లీ ఉదయకాల ప్రార్థన.

ఇది మా ఒక్కరి సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం మన దేశంలో షుగరు ఉన్నవారిని 10.1 కోట్లుగా, దాని అంచున ఉన్నవారిని 13.6 కోట్లుగా అంచనా వేసింది. ఆదివారం మన పక్కన కూర్చున్నవారిలో వాళ్లు లేరనుకోవడానికి లేదు.

అలసటను అవిశ్వాసంగా ఎంచే అలవాటు మన సంఘాల్లో ఉంది. వాక్యం అలా ఎంచలేదు. బదరీ వృక్షం కింద పడి చావును కోరుకున్న ఏలీయాకు దేవుడు మొదట ప్రసంగం పంపలేదు. నిద్ర ఇచ్చాడు, వేడి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19:4-8). హోరేబుకు నడిపించింది ఆ తరువాతే. జనం రాకపోకలతో శిష్యులకు భోజనానికి కూడా సందు దొరకనప్పుడు, ఏకాంతంగా వెళ్లి కొంచెం సేదదీరమని చెప్పినది స్వయంగా యేసుప్రభువే (మార్కు 6:31). ఇక మార్త విషయంలో మనం కొంత అన్యాయం చేస్తుంటాం. ఆమె వంట చేసినందుకు ప్రభువు తప్పు పట్టలేదు. అనేకమైన పనుల గురించి ఆమె పడుతున్న కలతను ఎత్తి చూపాడు (లూకా 10:41). మార్తను ఎన్నోసార్లు గద్దించి ప్రసంగాలు చేశాం గాని, ఆమెకు అన్ని పనులు పురమాయించింది ఎవరు అని ఎన్నడైనా అడిగామా?

పాత సంఘం ఈ కాలాన్ని మరోలా గడిపేది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం విందుల కాలం కాదు. నేటి ఫ్రాన్సు ప్రాంతంలోని సంఘాలు 6వ శతాబ్దంలోనే నవంబరు 11 మొదలు పండుగ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండేవి. పండుగ 25న మొదలై జనవరి 6 ప్రత్యక్షత దినం దాకా సాగేది. 567లో టూర్స్ నగరంలో కూడిన సభ ఆ పన్నెండు రోజులనూ పండుగ దినాలుగా గుర్తించింది. మనం దీన్ని తలకిందులు చేశాం. నెల మొదటి నుంచి విందులు చేసి, 25 సాయంత్రానికి సొమ్మసిల్లి, 26న నక్షత్రం దించేస్తున్నాం. సెమీ క్రిస్మస్ పాపమని చెప్పడం మా ఉద్దేశం కాదు. అందులో సగం జనవరి మొదటి వారానికి జరిపితే పోయేదేమిటి?

ఇక జనవరి తీర్మానాలు. ఈ విషయంలో మా చరిత్ర చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. 2018 జనవరి 1న కొత్త బూట్లు కొన్నాం. ఏప్రిల్ 1న వచ్చే ఈస్టరుకు 12 కిలోలు తగ్గాలని వాచ్‌నైట్‌లోనే మొక్కుకున్నాం. తెల్లవారుజామున గంటసేపు నడక. పందొమ్మిది రోజులు సాగింది. ఇరవయ్యో రోజు మోకాలు లేవనివ్వలేదు. బూట్లు మంచం కిందికి చేరాయి. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని, పునాది దగ్గరే ఆగిపోతే చూసేవాళ్లు నవ్వుతారని ప్రభువు చెప్పిన ఉపమానం (లూకా 14:28-30) మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. మా ఇంటావిడ ఆ అధ్యాయం మాకే గుర్తు చేసింది.

రోజుకు పదివేల అడుగులు వేయాలని అందరూ అంటుంటారు. అది వైద్యులు తేల్చిన కొలత కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే ఒక పరికరం పేరులోని అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున చురుకైన నడక వంటిది. అంత చేతగాకపోతే చేయగలిగినంత చేసినా మేలేనని కూడా చెప్పింది. పౌలు తిమోతికి శరీర సాధన గురించి రాసినచోట (1 తిమోతి 4:8) వాడిన గ్రీకు మాట ‘గుమ్నాసియా’. నేటి ‘జిమ్’ ఆ మూలంలో నుంచి వచ్చినదే. భక్తితో పోలిస్తే దాని ప్రయోజనం కొద్దిగానే అన్నాడు గాని అసలు లేదనలేదు. ఆ కొద్దిపాటే మాకు చాలనుకున్నాం. జూన్ నుంచి సాయంకాల ప్రార్థన అయ్యాక పావుగంట నడక మొదలుపెట్టాం. తరువాత అది అరగంట అయింది. డిసెంబరు వచ్చేసరికి నాలుగు కిలోలు తగ్గాం. ఆ నెలకు మాత్రం బరువు తగ్గాలని పెట్టుకోలేదు, పెరగకుండా ఉంటే చాలనుకున్నాం. టీలో పంచదార మాన్పించాం, ట్రాలీ ఆటో ఎక్కకుండా క్యారల్స్‌కు నడిచే వెళ్లాం. 31న తూచుకుంటే అర కిలో పెరిగింది. దానికి కుంగిపోలేదు.

మరొక మాట. జనవరిలో 21 రోజుల ఉపవాస ప్రార్థనలు చాలా సంఘాల్లో ఉంటాయి. పండుగకు పెరిగిన బరువు దీంతో తగ్గుతుందని అందులో చేరేవారున్నారు. అది ఉపవాసమూ కాదు, వైద్యమూ కాదు. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా పస్తుంటే షుగరు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మా సంఘంలో అలాంటివారికి భోజనం చేసి వచ్చి ప్రార్థన చేయమని పేరుపేరునా చెబుతున్నాం.

2018లో కమిటీ ముందు మా ప్రతిపాదన పెట్టినప్పుడు గట్టి వాదనే జరిగింది. సెమీ క్రిస్మస్‌లు రెండు, రౌండ్లు నాలుగు రాత్రులు, అదీ 10 గంటలకల్లా ముగింపు. రాత్రి 10 దాటితే మైకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి గనుక ఆ ఒక్కటి తేలిగ్గానే ఒప్పుకున్నారు. ప్రేమవిందును జనవరికి మార్చడం దగ్గర మాత్రం ఇద్దరు పెద్దలు లేచి వెళ్లిపోయారు. ఒకాయన తరువాత నెల రోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

2019 జనవరి 6, ఆదివారం. ఆ రోజు మగవాళ్లే వండారు. స్త్రీలను మొదటి బంతిలో కూర్చోబెట్టాం. అలిగిన పెద్దాయన తనంతట తానే వచ్చి గరిటె పట్టుకున్నాడు. పప్పుచారులో ఉప్పు బాగా ఎక్కువైంది. వాచిన పాదాలతో గడపలో కూర్చున్న ఆ సహోదరి ఒక ముద్ద తిని, మా వైపు చూసి నవ్వింది. ‘అయ్యగారూ, వచ్చే ఏడు ఉప్పు మాత్రం నేను వేస్తానండీ’ అంది.