ముద్ర ముందు, నేరం తరువాత

నేరం చేసిన పనిలోనే ఉంటుందని సాధారణంగా అనుకుంటాం. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త హోవర్డ్ బెకర్ 1963లో ఈ భావనను ప్రశ్నించాడు. ఏది తప్పో నిర్ణయించేది సమాజం చేసిన నియమం. దానిని ఎవరిమీద ప్రయోగిస్తే వారికే నేరస్థులన్న ముద్ర పడుతుంది.

ఈ వాదానికి తెలుగునేలపై ఒక కఠోరమైన ఉదాహరణ ఉంది. ఎరుకలవారు ఉప్పు, ధాన్యం పశువులపై వేసుకొని ఊరూరా తిరిగి అమ్మిన సంచార వర్తకులు. బ్రిటిష్‌ ప్రభుత్వపు ఉప్పు విధానం, రైళ్ళు వారి వర్తకాన్ని దెబ్బతీశాయి. జీవనాధారం పోయింది, సంచారం మిగిలింది. ఆ సంచారమే అనుమానానికి తావిచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం సెటిల్‌మెంటు నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతికి వచ్చింది. అక్కడ హాజరు వేయించుకోవడం తప్పనిసరి; అనుమతి లేకుండా పొలిమేర దాటడమే నేరం. దొంగతనాలు జరగలేదని కాదు. ఏనాడూ దొంగిలించనివారికీ పుట్టుకే సాక్ష్యమయిందన్నది అసలు విషయం.

1952లో చట్టం రద్దయింది. అయినా అలవాటు నేరస్థుల చట్టాల నీడలో పాత అనుమానం కొనసాగింది. మన మాటల్లో, సినిమాల్లో ఆ ఊరిపేరు దొంగలకు పర్యాయపదంగా నిలిచిపోయింది. చట్టం వేసిన ముద్రను చట్టసభ తొలగించింది. వాడుకలో మిగిలినదానిని తొలగించవలసినది ఆ భాష మాట్లాడే మనమే.