పేరున్న చక్రమా? చేయించుకున్న చక్రమా?

వరంగల్లు నుండి తొర్రూరు మీదుగా ఖమ్మం పోయే రహదారిపై దంతాలపల్లి ఉన్నది. ఎండలు ముదరక ముందే మిర్చి బస్తాలు ఒకవైపు ఖమ్మం మార్కెట్టుకు, మరొకవైపు వరంగల్లు ఏనుమాముల మార్కెట్టుకు ఈ దారినే సాగిపోతాయి. అక్కడి టైరు దుకాణం వద్ద మాకు పరిచయస్థుడైన ఒక లారీ యజమాని కలిశాడు. ఆయనకు రెండు లారీలు. ఒకటి పత్తి, మిర్చి మోస్తుంది. రెండవది మేళ్ళచెర్వు ప్రాంతం నుండి సిమెంటు తెస్తుంది. ఆయన మమ్మల్ని నిలిపి, "సార్, పేరున్న కంపెనీ చక్రం కొనాల్నా, కొలతలిచ్చి ఫ్యాక్టరీల చేయించుకున్న చక్రం కొనాల్నా? మీరు చదువుకున్నోళ్ళు, చెప్పున్రి" అని అడిగాడు. ఒక దళారి వచ్చి, కొలతలు పంపితే కర్మాగారంలో సాగగొట్టిన అల్యూమినియం చక్రాలు తెప్పిస్తానని ఆశ పెట్టి వెళ్ళాడట.

తెలుగు చెప్పుకొనే మాకు చక్రాల గొడవ ఏల అని పాఠకులు నవ్వవచ్చు. కాని మా విద్యార్థులలో కొందరి ఇండ్లలో లారీ ఉన్నది. కొందరి అన్నదమ్ములు టైరు దుకాణాలలో పని చేస్తున్నారు. రేపు అప్పు తెచ్చి ఇటువంటి వ్యాపారం పెట్టేవారూ వీరిలోనే ఉంటారు. కనుక ఆయన ప్రశ్నను ఇంటికి తెచ్చుకొని, తెలిసినవారిని అడిగి, చదివి, మాకు బోధపడినంత ఇక్కడ వ్రాస్తున్నాము.

ఈ ప్రశ్న మన పల్లెలకు క్రొత్తది కాదు. ఒకప్పుడు ప్రతి చక్రమూ చేయించుకున్న చక్రమే. వడ్రంగి తుమ్మకర్ర చెక్కి, నడుమ కుండ నిలిపి, ఆకులు బిగించి చక్రం చేసేవాడు. కమ్మరి ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, ఆ కొయ్య చక్రం చుట్టూ తొడిగి నీళ్ళు చల్లేవాడు. ఇనుము చల్లబడి బిగుసుకొనేది. ఒక్క మేకు లేకుండా చక్రమంతా ఏకమయ్యేది. బండి ఎవరిదో, ఏ నేలమీద నడుస్తుందో, ఎద్దులు ఏపాటివో చేసేవారికి తెలుసు. చక్రం చెడితే అడుగవలసిన ఇల్లూ రైతుకు తెలుసు.

తరువాత రబ్బరు చక్రం వచ్చింది. డన్లప్ సంస్థ 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో కర్మాగారం నెలకొల్పింది. గాలి నింపిన టైరు మీద అవే ఎద్దులు ఎక్కువ బరువును లాగగలిగాయి. ఎవరి టైరు వేసినా సరే, దానిని డన్లప్ బండి అనే అన్నారు. కంపెనీ పేరు వస్తువు పేరైపోయింది. 2011లో సాహాగంజ్ కర్మాగారంలో పని నిలిపివేశారు. అయినా మన నోట డన్లప్ బండి డన్లప్ బండిగానే ఉన్నది. పేరు, ఆ పేరు తెచ్చిన పనితనం రెండూ ఒక్కనాడే చావవని దీనివల్ల మాకు తోచింది. దుకాణదారుడు పేరు చూపినప్పుడు, దాని వెనుక నేడు ఎవరున్నారని అడుగుట అవిశ్వాసం కాదు.

ఇక లోహపు చక్రాల సంగతి. నేడు లారీలకు ఎక్కువగా ఉండేది ఉక్కు రేకును ఒత్తి, అతికి చేసిన చక్రం. అల్యూమినియం మిశ్రమ లోహంతో చేసేవి రెండు రకాలు. కరిగించి అచ్చులో పోసేది పోతచక్రం. ఇది చౌక, ఏ ఆకారమైనా వస్తుంది. కాని పోతలో కంటికి కనబడని గాలి బొక్కలు నిలిచిపోయే అవకాశం ఉన్నది. రెండవది సాగగొట్టిన చక్రం. దీనినే ఫోర్జ్‌డ్ అంటారు. లోహాన్ని కరిగించక, గట్టి దిమ్మెను వేడి చేసి, వేల టన్నుల ఒత్తిడిగల యంత్రం క్రింద నొక్కి ఆకారం తెస్తారు. తరువాత మళ్ళీ వేడిమితో పదును పెట్టి, మరమీద తరుగుతారు. కంచు గంటను పోతపోస్తారు, కొడవలిని కొలిమిలో సాగగొడతారు. ఆ రెండింటికి ఉన్న భేదమే ఇది. నొక్కుడువల్ల లోహపు పొరలు ఒత్తుగా సర్దుకొంటాయి. కనుక తక్కువ లోహంతోనే ఎక్కువ బలం వస్తుంది. లారీల కొఱకు ఇటువంటి అల్యూమినియం చక్రాన్ని అమెరికాలో అల్కోవా సంస్థ 1948లో ప్రవేశపెట్టింది.

లాభమెంత? ఇక్కడ లెక్క తప్పదు. ఇరవై రెండున్నర అంగుళాల లారీ చక్రం ఉక్కుదైతే ముప్పై అయిదు కిలోలు, ఆపైన తూగుతుంది. సాగగొట్టిన అల్యూమినియందైతే ఇరవై పైచిలుకు. ఒక్కొక్క దానికి 14 కిలోలు తగ్గినవనుకొందాము. రెండిరుసుల లారీకి ఆరు చక్రాలు, వెంట మోసే అదనపు చక్రం ఒకటి, వెరసి ఏడు. తగ్గే బరువు 98 కిలోలు, అనగా దాదాపు రెండు సిమెంటు బస్తాలు. ఈ తరహా లారీ సరుకుతో కలిపి 18.5 టన్నులకు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో పరిమితి పెట్టింది. అంతకుముందు అది 16.2 టన్నులు. పరిమితి ఉన్నచోట బండి బరువులో తగ్గిన ప్రతి కిలో సరుకు ఎత్తవచ్చు. ఏడాదికి రెండు వందల ట్రిప్పులు తిరిగే సిమెంటు లారీ నాలుగు వందల బస్తాలు అదనంగా తెస్తుంది. పన్నెండు టన్నులు ఎత్తే బండికి అది సుమారు ఒకటిన్నర లోడు పైచిలుకు. ఏటా ఆ ఒకటిన్నర లోడు కిరాయి ఒకవైపు, ఏడు చక్రాల అదనపు ధర మరొకవైపు పెట్టి తూచుకొనవలెను.

పత్తి లారీకి ఈ లెక్క పనికిరాదు. పత్తి చోటును నింపుతుందే కాని తూకాన్ని నింపదు. లోడు ఆకాశమంత ఎత్తు లేచినా బరువు పరిమితి దాపులకు రాదు. మిర్చి కూడా చాలవరకు అంతే. అటువంటి బండికి చక్రం తేలికైనందువల్ల అదనపు బస్తా రాదు. ఆయన రెండు లారీలకూ ఒకే రకం చక్రాలు వేయించాలని అనుకొన్నాడు. అక్కడే ఆయన పొరపడ్డాడు. దళారి ఈ మాట చెప్పలేదు. చెప్పడం అతని పనీ కాదేమో!

ఇంకొక సంగతి. గుంటలో పడి ఉక్కు చక్రం సొట్టపడితే దారిలోని మెకానిక్కు సుత్తెతో సరిచేసి పంపగలడు. అది మేలైన పద్ధతి కాకున్నా జరుగుతూనే ఉన్నది. అల్యూమినియం చక్రాన్ని కాల్చి సరిచేయరాదు. వేడి తగిలితే దానికి పెట్టిన పదును పోతుంది, పైకి మాత్రం బాగానే కనబడుతుంది. దీని బిళ్ళ మందం ఎక్కువ కనుక పాత బోల్టుల పొడవు చాలకపోవచ్చు. చాలని బోల్టు మీద నట్టు నాలుగు చుట్లే పట్టితే, బండి నడిపేవాని ప్రాణం ఆ నాలుగు చుట్ల మీద ఉంటుంది.

కొలిచి చేయించుకొనేటప్పుడు కొలతల బాధ్యత కొనేవానిదే. యూరపు కొలతల లారీ చక్రంలో పది బోల్టులు 335 మిల్లీమీటర్ల వలయం మీద, నడుమ రంధ్రం 281 మిల్లీమీటర్లు ఉంటుంది. అన్ని బండ్లూ అట్లుండవు. ఒక్క అంకె తప్పు వ్రాసి పంపితే చక్రాలు తిరిగి తీసుకొనేవారుండరు. పేరున్న కంపెనీ చక్రానికి ఈ చిక్కు తక్కువ. ఆ బండికని ముందే కొలిచి, పరీక్షించి పెట్టినది దొరుకుతుంది.

పరీక్ష అనగా ఏమి? మలుపులో పడే వంపు భారాన్ని యంత్రంపై లక్షల చుట్లు త్రిప్పి చూడడం, నిలువు భారంతో దొర్లించి చూడడం, కార్ల చక్రాలనైతే బరువు జారవిడిచి దెబ్బ కొట్టి చూడడం. మన దేశంలో కార్ల చక్రాలకు ఐ.ఎస్. 9436, లారీలకు, బస్సులకు ఐ.ఎస్. 9438 అను ప్రమాణాలు ఉన్నవి. కర్మాగారం ఏదైనా సరే, ఆ కొలతలోని చక్రానికే పరీక్ష జరిగిన కాగితం, చక్రం మీద పొదిగిన గరిష్ఠ భారం అంకె, తయారీ తేదీ అడిగి చూడవలెను. పోతచక్రానికే సాగగొట్టినదని పేరు పెట్టి అమ్మేవారున్నారు. పేరున్న చక్రానికి నకిలీలూ ఉన్నవి.

ఒక చక్రం విరిగితే రేపు రెండవది ఎక్కడ దొరకునన్నది చివరి ప్రశ్న. దీనిని ఎదుర్కొన్నవారిలో మన రైల్వేవారికంటె పెద్ద కొనుగోలుదారుడు లేడు. మహబూబాబాదు మీదుగా పోయే గూడ్సు బండ్ల చక్రాలలో ఎన్నో బెంగుళూరు చెంత యెలహంకలో, 1984లో ప్రారంభమైన కర్మాగారంలో పోతపోసినవే. వేగంగా పోయే బండ్లకు సాగగొట్టిన చక్రాలు కావలెను. దుర్గాపురంలో చేసేవి చాలక విదేశాల నుండి తెప్పించేవారు. వందే భారత్ రైళ్ళ కొఱకు ఉక్రెయినుకు 36,000 చక్రాలు ఆర్డరు ఇచ్చి ఉండగా, 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం వచ్చిపడింది. తయారైన 128 చక్రాలను రోడ్డు వెంట రుమేనియాకు చేర్చి, అక్కడి నుండి విమానంలో తేవలసి వచ్చింది. చక్రం విమానమెక్కిన కథ ఇది! ఇటువంటి ఆధారపాటు తగ్గించుటకే విశాఖ ఉక్కు సంస్థ రాయబరేలీ జిల్లా లాల్‌గంజ్‌లో ఏటా లక్ష చక్రాలు సాగగొట్టగల కర్మాగారం నిర్మించింది. 2023లో రామకృష్ణ ఫోర్జింగ్స్, టిటాగఢ్ సంస్థల కూటమికి ఏటా 80,000 చొప్పున ఇరవై ఏండ్ల ఆర్డరు దక్కింది. రైల్వే చక్రాన్ని కర్మాగారంతో సహా చేయించుకోగలదు. రెండు లారీల యజమానికి ఆ అవకాశం లేదు. ఆయన ఏడు చక్రాలతో పాటు ఎనిమిదవ దానిని కూడా అప్పుడే కొని ఇంట పెట్టుకొనవలెను, లేదా వరంగల్లులో దొరికే చక్రమే కొనవలెను.

మేము ఇదంతా కాగితం మీద వేసి తీసుకొనిపోయి చూపితిమి. ఆయన లెక్కను రెండుసార్లు చూసుకొని, పత్తి లారీకి పేరున్న కంపెనీ ఉక్కు చక్రాలే వేయించాడు. సిమెంటు లారీ విషయంలో పరీక్ష కాగితం పంపుమని దళారికి కబురు పెట్టాడు. మేము ఈ వ్యాసం ముగించేనాటికి ఆ కాగితం రాలేదు.