మరల పెరిగెడి అవయవము

దేహమున కుడి ప్రక్క, ప్రక్కటెముకల మరుగున, సుమారు ఒకటిన్నర కిలోల బరువు గల కాలేయము పగలనక రేయనక పని చేయుచుండును. అన్నములోని చక్కెరను దాచి ఆకలివేళ రక్తమున కందించుట, పైత్యరసమును స్రవింపజేయుట, గాయమైనపుడు నెత్తురు గడ్డకట్టుటకు వలయు మాంసకృత్తులను సిద్ధపరచుట, అమ్మోనియా వంటి విషములను విరిచివేయుట - ఇవి దాని పనులలో కొన్ని మాత్రమే. మూత్రపిండములు చెడినచో రక్తమును వడపోయుటకు యంత్రమున్నది. గుండె పనిని కొంతకాలము నడుపుటకును యంత్రమున్నది. కాని కాలేయపు పనులన్నింటిని చేయగల యంత్రము నేటికిని పుట్టలేదు.

కనుకనే చెడిన కాలేయమును తీసివేసి, వేరొకరి కాలేయమును అమర్చవలెనను సంకల్పము కలిగెను. 1963 మార్చి 1వ తేదీన అమెరికాలోని డెన్వర్ నగరమున థామస్ స్టార్జ్‌ల్ అను శస్త్రవైద్యుడు ఒక మూడేండ్ల బాలునకు ఈ చికిత్సను మొట్టమొదట చేసెను. రక్తస్రావము ఆగక, శస్త్రచికిత్స జరుగుచుండగనే ఆ బాలుడు మరణించెను. పిమ్మట చికిత్స పొందినవారును కొలది వారములకు మించి జీవింపలేదు. స్టార్జ్‌ల్ కొన్నేండ్లు ఆ పనిని నిలిపివేసి, 1967లో మరల ఆరంభించి, ఒక రోగిని సంవత్సరమునకు పైగా బ్రతికింపగలిగెను. పరాయి అవయవమును శరీరము ఎదిరించుటయే అప్పటి పెద్ద చిక్కు. ఇంగ్లండున రాయ్ కాన్ పరీక్షించిన సైక్లోస్పోరిన్ అను మందు ఆ ప్రతిఘటనను అణచుటకు తోడ్పడెను. 1983లో అమెరికా నిపుణుల సభ దీనిని ప్రయోగదశ దాటిన చికిత్సగా అంగీకరించెను.

అయినను అవయవ మెచ్చటనుండి వచ్చును? మెదడు మరణించినవారి అవయవములను గ్రహించుటకు మన దేశమున 1994 నాటి చట్టము వీలు కల్పించినది. కాని దాతలు తక్కువ, ఎదురుచూచువారు ఎక్కువ. ఇచ్చట కాలేయపు అపూర్వ గుణమొకటి అక్కరకు వచ్చినది. కొంత భాగమును కోసి తీసినను, మిగిలినది కొన్ని మాసములలో ఇంచుమించు పూర్వ పరిమాణమునకు పెరుగును. 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున ఒక తల్లి కాలేయ భాగముతో ఆమె కుమారుడు బ్రతికెను. 1998లో ఢిల్లీలో ఒక తండ్రి ఇచ్చిన భాగము అతని బిడ్డను కాపాడెను. అయితే ఇందులో ఒక ధర్మసంకటము కలదు. రోగములేని మనిషి కత్తికి లోబడవలెను. అరుదుగానైనను దాతలు మరణించిన సందర్భములు కలవు.

ఈ సంకటమును దాటుటకు శాస్త్రజ్ఞులు పలు మార్గములను వెదకుచున్నారు. రక్తములోని విషములను తొలగించు యంత్రములు కొంత వ్యవధి నీయగలవు గాని, కాలేయము తయారుచేయు పదార్థములను తయారుచేయలేవు. 1992లో పిట్స్‌బర్గ్‌లో బబూన్ కోతి కాలేయమును పొందిన రోగి 70 దినములు జీవించెను. 2024లో చైనాలోని షియాన్ నగర వైద్యులు, జన్యువులను మార్చిన పంది కాలేయమును మెదడు మరణించిన వ్యక్తి దేహమున అమర్చగా, అది పది దినములు పనిచేసెను. కాలేయ కణములను రోగి శోషరస గ్రంథులలో నాటి, అచ్చట చిన్న కాలేయమును పెంచు యత్నము జంతువులలో ఫలించి, 2024లో మానవులపై పరీక్షకు వచ్చినది. ఇవి యేవియు ఇంకను మార్పిడికి సాటి కాలేదు.

ఈ మార్గములలో కొన్ని కొత్త కాలేయము నిచ్చుటకు, మరికొన్ని పాతదానికి వ్యవధి నిచ్చుటకు ఉద్దేశింపబడినవి. హఠాత్తుగా చెడిన కాలేయము, కొన్ని దినములు ప్రాణము నిలిచినచో, తనంతట తానే కోలుకొనవచ్చును. ఏండ్ల తరబడి మద్యముచేతను, వైరసులచేతను గట్టిపడి మచ్చలు కట్టిన కాలేయమునకు ఆ శక్తి సన్నగిల్లును. ఆ స్థితి రాకుండ కాపాడుకొను సాధనములు మన చేతులలోనే కలవు. హెపటైటిస్-బి వ్యాధికి టీకా ఉన్నది. హెపటైటిస్-సి నేడు మాత్రలతో నయమగుచున్నది. ఆ పైన కూడ వ్యాధి ముదిరినవారికి, మరణానంతరము అవయవదానము చేయుటకు ఒక కుటుంబము దుఃఖసమయమున పలుకు సమ్మతియే నేటికిని తొలి ఔషధము.