కారు నెత్తిన పడకగది

జొన్నచేలో మంచె మీరు చూసే ఉంటారు. నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, దానిమీద నిలబడి పిట్టలను తోలుతారు. రాత్రి అక్కడే పడుకుంటే నేల చెమ్మ అంటదు, పురుగూ పుట్రా భయమూ తక్కువే. ఆ మంచెకు గుంజలకు బదులు చక్రాలుంటే ఎలా ఉంటుంది? కారు పైకప్పు మీద బిగించే గుడారం సరిగ్గా అటువంటిదే!

ఇటలీలో 1958లో 'మజ్జోలీనా' అనే పేరుతో ఇటువంటి గుడారం వచ్చింది. పైనొకటి, కిందొకటి గట్టి డిప్పలు. వాటి మధ్య గుడ్డ గోడలు. పిడి తిప్పితే పై డిప్ప లేచి గది తయారవుతుంది. ఇప్పుడు డిప్పలను ఫైబర్ గ్లాస్, ప్లాస్టిక్ లేదా అల్యూమినియంతో చేస్తున్నారు. చాలావాటిలో పిడికి బదులు గ్యాస్ స్ప్రింగులుంటాయి. గొట్టంలో అధిక పీడనంతో బంధించిన నైట్రోజన్ వాయువు కడ్డీని బయటికి నెట్టి, మూతను లేపుతుంది. కొన్ని కార్ల డిక్కీ తలుపును పైకెత్తి నిలిపేవి కూడా ఇవే.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. పైకప్పు మీద 75 కిలోలకు మించి బరువు పెట్టరాదని ఒక కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉందనుకుందాం. గుడారం 60 కిలోలు, దాన్ని మోసే అడ్డ కడ్డీలు 6 కిలోలు, మొత్తం 66. బాగానే ఉంది. కాని రాత్రి ఇద్దరు మనుషులు, దుప్పట్లు కలిసి మరో 134 కిలోలు పైకెక్కుతాయి. అంటే 200 కిలోలు! మరి కప్పు కుంగిపోదా?

కుంగదు. పుస్తకంలోని 75 కిలోలు కారు పరుగెత్తేటప్పటి హద్దు. నిలిచి ఉన్న కారు పైకప్పు అంతకంటె చాలా ఎక్కువే మోయగలదు. కారు బోల్తాపడినా లోపలివారు నలిగిపోకుండా కప్పును, దాని కంబాలను దృఢంగా కడతారు. ఎంత మోయగలదో కారు తయారుచేసినవారినీ, కడ్డీలు తయారుచేసినవారినీ అడిగి తెలుసుకోవాలి. ఆ రెండింటిలో తక్కువదే మనకు హద్దు.

పరుగెత్తేటప్పుడు హద్దు ఎందుకు తగ్గుతుంది? న్యూటన్ సూత్రాలను గుర్తు చేసుకోండి. గట్టిగా బ్రేకు వేస్తే కారు వేగం ప్రతి సెకనులోనూ సెకనుకు 8 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. గుడారం, కడ్డీలు మాత్రం ముందుకే పోవాలని చూస్తాయి. వాటిని ఆపడానికి 66 × 8 = 528 న్యూటన్ల బలం కావాలి. అది సుమారు 54 కిలోల బరువుకు సమానం. ఈ బలాన్ని భరించేవి నాలుగైదు బోల్టులే!

మలుపులో మరొక సంగతి. 80 మీటర్ల వ్యాసార్ధంగల మలుపును గంటకు 36 కి.మీ. వేగంతో తిరిగితే, గుడారాన్ని, కడ్డీలను పట్టి ఉంచడానికి 82.5 న్యూటన్లు చాలు. 72 కి.మీ. వేగంతో తిరిగితే 330 కావాలి. వేగం రెట్టింపు, బలం నాలుగు రెట్లు! పైగా గురుత్వ కేంద్రం కూడా లేస్తుంది. 1200 కిలోల కారుకు అది నేలనుంచి 55 సెం.మీ. ఎత్తున ఉంటే, 165 సెం.మీ. ఎత్తున 66 కిలోలు చేరడంతో దాదాపు 61 సెం.మీ.కు పెరుగుతుంది. ఎత్తుగా గడ్డి వేసిన బండి మలుపులో ఎందుకు ఒరుగుతుందో ఇప్పుడు తెలిసింది గదా!

అందుకే బిగింపు ముఖ్యం. ముందు అడ్డ కడ్డీలను, తయారీదారు చెప్పిన దూరంలో అమర్చాలి. గుడారాన్ని ముగ్గురు నలుగురు కలిసి ఎత్తాలి. ఒకవైపే తెరుచుకునే రకమైతే మడతబందు ముందువైపు ఉండాలి. అప్పుడు ఎదురుగాలి మూతను లేపలేదు. బోల్టులను కొంచెం కొంచెంగా, ఒకదాని తరువాత ఒకటిగా బిగించాలి. మొదటి 50 కి.మీ. పోయాక మళ్ళీ చూడాలి. అతుకులు సర్దుకుని బోల్టులు వదులు కావచ్చు.

రాత్రి బసకు చదునైన నేల చూసి, చేతి బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టాలి. గాలి ఆడడానికి కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. లేకపోతే మన శ్వాసలోని నీటి ఆవిరి చల్లని డిప్పకు తగిలి, బొట్లుగా మారి పక్కను తడుపుతుంది. లోపల పొయ్యిగాని, బొగ్గుల కుంపటిగాని ఎన్నడూ వెలిగించరాదు. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మరొక్క హెచ్చరిక: పైన మనుషులుండగా కారును పది గజాలైనా కదపరాదు. ఎందుకో మీరే లెక్క కట్టండి. ఆ 200 కిలోలు కదులుతుండగా, ఇందాకటిలాగే బ్రేకు వేస్తే బోల్టుల మీద పడే బలం ఎంత?