షుగర్ చెవులను గూడ తింటది

షుగరొస్తే కండ్లు పోతయ్, కిడ్నీలు పోతయ్, కాళ్లకు పుండ్లయితయ్. గీ ముచ్చట ఊర్లె అందరికీ ఎరుకే. చెవుల ముచ్చట మాత్రం ఎవ్వరూ తియ్యరు. పెద్దమనిషికి ఇనబడకుంటే 'వయసైంది' అంటం, లేకుంటే 'చెవిటి మాలోకం' అని నవ్వుతం. గా నవ్వుల పడి అసలు రోగాన్ని చూస్తలేం.

లోపలి చెవిల నత్తగుల్ల లెక్క ఒక చిన్న భాగముంటది. దాన్ని కాక్లియా అంటరు. సప్పుడు తాకితే దాంట్ల ఉన్న సన్నటి కణాలు కదిలి, కరెంటు లెక్క సిగ్నల్ పుట్టిస్తయ్. చెవి నరం ఆ సిగ్నల్‌ను మెదడుకు మోస్తది. అక్కడ చేరినంకనే సప్పుడు మాటగ అర్థమైతది.

లోపలి చెవికి నెత్తురు తెచ్చే నాళాలు వెంట్రుక కన్న సన్నం. ఏండ్ల తరబడి షుగర్ ఎక్కువుంటే అవి దెబ్బతింటయ్. అరికాళ్లు తిమ్మిరెక్కినట్టే చెవి నరం గూడ మందగిస్తది. చచ్చిన కణాలు మళ్ల పుట్టవు.

గందుకే పెండ్లిల, బస్సుల సప్పుడు ఇనబడ్తది గని మాట సమజ్ కాదు. టీవీ సౌండ్ పెంచుతరు. చెవులల్ల గుయ్‌మంటది. ఒంటి తూకం చూసే భాగం గూడ లోపలి చెవిలనే ఉంటది. అది దెబ్బతిని, పాదాలకు స్పర్శ గూడ తగ్గితే మనిషి తూలి పడ్తడు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2008ల ఒక లెక్క చెప్పిన్రు. షుగర్ లేనోళ్లకన్న ఉన్నోళ్లల్ల వినికిడి లోపం దాదాపు రెండింతలట. మన దేశంల షుగర్ ఉన్నోళ్లు 10 కోట్ల పైనే అని 2023ల ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. షుగరున్న అందరికీ చెవుడు రాదు. వయసు, డీజే మోత, గిర్నీ మోత గూడ కారణాలే. అయితే షుగర్ అదుపుల ఉంటే ముప్పు తగ్గుతది.

తమ్ముళ్లు, చెల్లెండ్లు! ఇంట్ల షుగర్ ఉన్నోళ్లుంటే ఏడాదికోసారి కండ్లతోపాటు చెవులు గూడ చూపియ్యిరి. ఆడియోమెట్రీ అంటే సూది లేదు, నొప్పి లేదు. చిన్నచిన్న సప్పుళ్లు ఇనిపిచ్చి చూస్తరు, అంతే. ఒక చెవి ఉన్నట్టుండి ఇనబడకుంటే మాత్రం 'చూద్దాంలే' అనకుండ్రి, వెంటనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీస్కపోవాలె.

ఇగ సర్కారును గూడ అడగాలె. చెవి పరీక్ష కోసం జిల్లా దవాఖానకు పోతే ఒకరోజు కూలి పోతది, తోడు పోయినోళ్ల కూలి గూడ పోతది. షుగర్ గోళీలిచ్చే కాడనే చెవులు గూడ చూడాలె. గిది దయ కాదు, మన హక్కు.