పురుగు మీద పడ్డ నింద

క్యాబేజీలో పురుగు ఉంటుందట, తింటే మెదడులోకి పాకుతుందట! ఈ మాట విని క్యాబేజీ కొనడమే మానేసిన ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. తమాషా ఏమిటంటే, ఆ ఇళ్లవాళ్లే సాయంత్రం నూడుల్స్ బండి దగ్గర నిలబడి, ప్లేటు అంచున పెట్టిన పచ్చి క్యాబేజీ తురుము నిశ్చింతగా నమిలేస్తారు.

ఆకుల మడతల్లో తరచూ కనబడే సన్నటి ఆకుపచ్చ పురుగు డైమండ్ రెక్కల పురుగు. వేలు తగిలితే చాలు, గిలగిల్లాడుతూ వెనక్కి జరిగి, దారం వదిలి కిందికి వేలాడుతుంది. దాని తిండి ఆకు. మనిషి ఒంట్లో అది బతకదు. మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ తెప్పించేది బద్దెపురుగు. అది పేగుల్లో ఉన్న మనిషి మలంతో దాని గుడ్లు బయటికొస్తాయి. మురుగునీళ్లు పారిన మడిలోనో, సరిగ్గా కడుక్కోని చేతుల మీదుగానో ఆకుకు అంటుకుంటాయి. ఒక్కో గుడ్డు మిల్లీమీటరులో దాదాపు ముప్పయ్యో వంతు. కళ్లజోడు పెట్టుకుని వెతికినా కనబడదు. దానికి క్యాబేజీయే కావాలని కూడా లేదు, కొత్తిమీరైనా క్యారెట్టైనా ఒకటే.

రైతుకు మాత్రం ఆకుపచ్చ పురుగు నిజంగానే శత్రువు. 1953 నాటికే జావా దీవిలో అది డీడీటీకి లొంగడం మానేసింది. ఆ తర్వాత వచ్చిన మందుల్లోనూ చాలావాటికి అలవాటు పడింది. పిచికారీ మీద పిచికారీ అందుకే. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఇంకో ఉపాయం చెప్పింది: 25 సాళ్ల క్యాబేజీకి రెండు సాళ్ల ఆవాలు ఎర పంటగా వేయమని. తల్లి పురుగు ఆవ మొక్కల మీదికే పోయి గుడ్లు పెడుతుంది. ఆవాలు, క్యాబేజీ ఒకే కుటుంబం మరి!

కొట్టిన మందు ఎక్కువగా పై ఆకుల మీదే మిగులుతుంది. కాబట్టి రెండు మూడు ఆకులు తీసి పారేయండి, లోభం వద్దు. గడ్డను నాలుగు చెక్కలు చేసి, మధ్యలో గట్టి మొదలు కోసేస్తే ఆకులు వాటంతటవే విడిపోతాయి. గడ్డ గడ్డగా కుళాయి కింద తడిపితే కడిగినట్టు కాదు. ఒక్కో ఆకూ రెండు వైపులా పారే నీళ్లలో చేత్తో రుద్దాలి. ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉంచితే పురుగులు పట్టు వదిలి తేలుతాయి, మంచిదే. బద్దెపురుగు గుడ్లు మాత్రం ఉప్పుకు చావవు. వాటికి విరుగుడు: రుద్ది కడగడం, ఆపైన బాగా ఉడికించడం. ఇక పచ్చిగా తినే సలాడంటారా, కడిగింది ఎవరో తెలియనప్పుడు నేనైతే ముట్టను.

కడిగాకే తరగాలి. తరిగి కడిగితే సి విటమిన్ నీళ్లతో పోతుంది, కూరా ముద్దవుతుంది. క్యాబేజీలో నూటికి 92 పాళ్లు నీరే, బాణలిలో మళ్లీ పోయక్కర్లేదు. నానబెట్టిన పెసరపప్పు వేసి, బాగా ఉడకగానే దించేయాలి. ఎక్కువసేపు మగ్గితే గంధకం వాసన ముదురుతుంది, పిల్లలు ముక్కు మూసుకునేది అందుకే. ఆవ పెట్టాలనుకుంటే, పిండి నూరి స్టవ్ కట్టేశాక కలపండి. మంట మీద వేస్తే ఘాటు పోయి చేదు మిగులుతుంది.