నీళ్లొచ్చిన ఊరిని వదలాలా?

రాయలసీమలోని నందికొట్కూరుకు సముద్రం చాలా దూరం. అయినా ఈ సీమలో ఒడ్డు ఊర్లు ఉన్నాయి. మల్యాల, ముచ్చుమర్రి దాటి సంగమేశ్వరం వైపు పోతే శ్రీశైలం వెనుకజలాలు కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి. జలాశయం 885 అడుగులకు నిండిన ఏడాది కృష్ణ పొలం గట్టు దాకా వస్తుంది. ఎండలు ముదిరాక వెనక్కి పోతుంది. అప్పుడు నెర్రెలు విచ్చిన ఒండ్రు నేలలో పాత ఊర్ల పునాదులు బయటపడతాయి. కోస్తా తీరం నుంచి జాలరి కుటుంబాలు వచ్చి ఈ నీళ్ల ఒడ్డున గుడారాలు వేసుకుని చేపలు పడుతుంటాయి. వాళ్ల అలివి వలల్లో చేపపిల్లలు కూడా కొట్టుకుపోతున్నాయని ఇక్కడి జాలర్లతో తగాదాలు. ఉప్పు నీళ్ల పక్కన పుట్టినవాళ్లు బతుకుతెరువు వెతుక్కుంటూ ఈ మంచినీళ్ల దగ్గరికి వస్తున్నారు. ఈ నీళ్ల పక్కనే పుట్టిన కుర్రవాళ్లు మాత్రం పెళ్లాం బిడ్డలతో హైదరాబాదు బస్సో, బెంగళూరు బస్సో ఎక్కుతున్నారు.

ఒక్కడే పోయి డబ్బు పంపే రోజుల్లో ఇది అంత పెద్ద ప్రశ్న కాదు. కష్టమో నిష్ఠూరమో, సంక్రాంతికి తిరిగొచ్చేవాడు. ఇప్పుడు పోతే కాపురమే పోతుంది. బిడ్డను అక్కడి బడిలో వేశాక తిరిగి రావడం మాటలతో అయ్యే పని కాదు. అందుకే ముప్పై ఏళ్లు నిండని జంటలు రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద కూర్చుని ఇదే మాట్లాడుకుంటున్నాయి. పోదామా, ఉందామా?

పొమ్మన్నప్పుడు పోయినవాళ్లు

వాళ్ల తాతలకు ఈ ప్రశ్న ఎదురు కాలేదు. 1963 జులై 24న నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినప్పుడు అది కరెంటు కోసం కడుతున్న ఆనకట్ట. 1981లో నీళ్లు నింపే వేళకు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊర్లు ఖాళీ కావాల్సి వచ్చింది. కదలమన్న ఊర్ల మీదికి బుల్‌డోజర్లు వచ్చాయి. లక్ష మంది దాకా చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ముంపు కుటుంబానికో ఉద్యోగం అంటూ 98వ నంబరు జీవో వచ్చేసరికి 1986. ఆ జీవో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూ యౌవనం దాటినవాళ్లు ఈ పక్క ఊర్లలో ఇప్పటికీ ఎదురవుతారు.

దేవుళ్ల సంగతి కాస్త నయం. రూపాల సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తెచ్చి కర్నూలు జగన్నాథగట్టు మీద మళ్లీ కట్టారు. సప్తనదుల సంగమంలోని వేపదారు సంగమేశ్వరుడు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉంటాడు, ఎండాకాలం బయటికొచ్చి పూజలందుకుంటాడు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, అందులో నేటి జంటకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ముంపులో పోయిన పొలానికి డబ్బు ఇచ్చారు. చాలా ఇళ్లలో ఆ డబ్బు ఎంతో కాలం నిలవలేదు. పెళ్లిళ్లకు, అప్పులకు, కొత్త మిద్దెకు ఖర్చయిపోయింది. అంతలో చుట్టుపక్కల పొలాల ధర పెరిగింది. పోయిన నేలకు సాటి నేల ఆ డబ్బుతో మళ్లీ దొరకలేదు. అప్పుడు అమ్మకం వాళ్ల చేతిలో లేదు. ఇప్పటి కుర్రవాడికి అది తన చేతిలోనే ఉంది.

మూడు నోళ్లు, ఒక ఏరు

కర్నూలు పడమటి ఊర్ల వలస వేరు. కోసిగి, కౌతాళం, ఆదోని, మంత్రాలయం వైపు పంట చేతికి రాని ఏడాది జనం ఊర్లకు ఊర్లే సుగ్గికి పోతారు. గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి చేలకు లారీల్లో, ఆటోల్లో బయల్దేరుతారు. వెనక మిగిలే బిడ్డల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడపాల్సి వస్తోంది. ఆ వలసకు కారణం అడగనక్కర్లేదు, వాన లేదు, నీళ్లు లేవు. మళ్లీ వాన పడితే వాళ్లు తిరిగొస్తారు.

నందికొట్కూరు కథ అంత సూటిగా లేదు. ఇక్కడ నీళ్లున్నాయి. సుంకేసుల దగ్గర మొదలయ్యే కర్నూలు–కడప కాలువను 1860ల్లో మద్రాసు కంపెనీ ఒకటి లాభాల కోసం తవ్వింది. పడవలు నడుపుదామని, పొలాలకు నీళ్లమ్ముదామని దాని ఆశ. రెండూ గిట్టుబాటు కాక 1882లో సర్కారుకు అప్పజెప్పింది. కేసీ కాలువ అని జనం పిలుచుకునే ఆ కాలువే ఇక్కడి వరి మడికి ప్రాణం. దానికి తోడు జలాశయం ఒడ్డున మూడు నోళ్లు తెరిచారు. పోతిరెడ్డిపాడు తూముల నుంచి తెలుగుగంగ, శ్రీశైలం కుడిగట్టు కాలువ (ఎస్సార్బీసీ), గాలేరు–నగరి. మల్యాల నుంచి అనంతపురం, చిత్తూరు దాకా పోయే హంద్రీ–నీవా, దాని వాటా 40 టీఎంసీలు. జలాశయం అడుగంటినప్పుడు కూడా తోడుకోవడానికి 2017 జనవరిలో మొదలుపెట్టిన ముచ్చుమర్రి ఎత్తిపోతల.

అయితే ఒడ్డునున్న పొలాలన్నీ తడుస్తున్నాయా అంటే లేదు. కాలువకు దిగువనున్న పొలం మాగాణి, ఎగువనున్నది మెట్ట. పంపుహౌసు మోత వినబడే దూరంలోనే బోరు ఎండిన చేను ఉంటుంది. ఇంటి కింద నుంచి వెళ్లే నీళ్లు చెన్నై కుళాయిల్లో పడతాయి. ఇదే ఏటి నీళ్లు శ్రీశైలం దాటి నాగార్జునసాగర్ చేరి, అక్కడి నుంచి హైదరాబాదుకు తాగునీరవుతాయి. తాతల ఊరిని ముంచిన నీళ్లకే మనవడు మహానగరంలో బిల్లు కడతాడన్నమాట!

కాబట్టి 'నీళ్లొచ్చినాక యాడికి పోతార్రా' అనే పెద్దవాళ్ల మాటకు సగమే విలువ. నీళ్లొస్తే పంట వస్తుంది. పంట ఎవరిది అనే ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

గుత్త లెక్క

ఒక జంటను ఊహించుకుందాం. అతనికి ఇరవై తొమ్మిది, డిగ్రీ మధ్యలో వదిలేశాడు. ఆమెకు ఇరవై ఐదు, ఇంటర్ పాసైంది. అయిదేళ్ల కూతురు, చంకలో కొడుకు. సొంతానికి రెండెకరాల నల్లరేగడి, గుత్తకు, అంటే కౌలుకు, ఇంకో నాలుగెకరాలు. ఇంట్లో అమ్మానాన్నలు.

గుత్త ముందే కట్టాలి. వాన పడినా పడకపోయినా, కాలువ వచ్చినా రాకపోయినా ఆసామికి ఇవ్వాల్సింది ఇవ్వాలి. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలలకు కార్డు ఇస్తామన్నారు, దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆసామి భయం. అడిగితే వచ్చే ఏడాది గుత్తే పోతుందేమోనని ఇతని భయం. కార్డు లేదు కాబట్టి బ్యాంకు లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ ఉంది.

ఆ పెట్టుబడితో మిరప వేశాడనుకోండి. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన మిర్చి 2025 మొదట్లో ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం 11,781 రూపాయలకు ఆదుకుంటామని ప్రకటించాల్సి వచ్చింది. సొంత పొలం ఉన్నవాడు ఆ దెబ్బకు ఒక ఏడాది వెనకబడతాడు. గుత్త రైతు మరుసటి ఏడాది పంటను ముందే వడ్డీకి రాసిచ్చేస్తాడు. ఈ తేడాను పట్టించుకోకుండా 'రైతు ఊరు వదలకూడదు' అని ఉపన్యాసమిచ్చే పెద్దమనుషులను చూస్తే, అయ్యా మీ పిల్లలెక్కడున్నారని అడగబుద్ధవుతుంది.

నగరం లెక్క కూడా వేద్దాం. బెంగళూరులో గది బాడుగకు తీసుకోవాలంటే నెలల తరబడి బాడుగ అడ్వాన్సుగా పోయాలి. చేతిలో ఉన్నదంతా అక్కడే ఖాళీ. అతనికి బేల్దారి పనో, డెలివరీ పనో దొరుకుతుంది. నెల తిరిగేసరికి చేతికొచ్చే నోట్లు ఊర్లోకంటే ఎక్కువే, అందులో దాపరికం లేదు. కానీ ఊర్లో మిరప కోతకు, పత్తి తీతకు పోయి కూలి తెచ్చే ఆమె, అక్కడ చంటిబిడ్డను ఎవరి దగ్గర వదిలి పనికి పోవాలి? అత్త ఊర్లో ఉండిపోయింది. ఇద్దరి సంపాదన ఒక్కరిదైంది. ఆ పోయిన కూలిని లెక్కలో తీసేసి చూడమని మగవాళ్లకు చెప్పాలి. 2024 వేసవిలో అదే బెంగళూరులో బోర్లు ఎండి, ట్యాంకరు నీళ్ల కోసం బిందెలు వరసగా పెట్టారు. కృష్ణ ఒడ్డు నుంచి పోయిన ఆడబిడ్డ ఆ వరసలో నిలబడింది.

ఇన్ని చెప్పినా ఆమె పోదామనే అంటుంది, చాలా ఇళ్లలో. ఎందుకంటే ఆమె కూతురి బడిని చూస్తోంది. ఆ మాటను తోసిపుచ్చకూడదు. అయితే తొందరా పడనక్కర్లేదు. అయిదో తరగతి దాకా ఊరి బడి, పక్కన నాన్నమ్మ, 'తల్లికి వందనం' కింద తల్లి ఖాతాలో పడే 13 వేలు చాలు. అసలు మలుపు అక్కడే. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చేరిక అయిదో తరగతి నుంచి, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి. ఆ ప్రవేశాలకు బిడ్డను సిద్ధం చేస్తే ఊరు వదలకుండానే బడి మారుతుంది. అది కుదరకపోతే, కదలాల్సిన ఏడాది అదే.

ముప్పై కిలోమీటర్ల దారి

పోవడమంటే హైదరాబాదో బెంగళూరో అని ఎవరు రాసిపెట్టారు? నందికొట్కూరు నుంచి కర్నూలు ముప్పై కిలోమీటర్ల లోపే. రైలు లేదు, ఈ ఊరి పాత లోటు అది. జాతీయ రహదారి ఉంది, బస్సులున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నందికొట్కూరును నంద్యాలలో కలిపారు. కలెక్టరాఫీసు దూరమైంది. బతుకు మాత్రం కర్నూలు వైపే పోతోంది. రోగమొస్తే కర్నూలు పెద్దాసుపత్రే, పెళ్లి బట్టలకూ కర్నూలే.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. దీన్ని రాజకీయంగా ఎవరెలా చూసినా ఈ జంట లెక్కను అది మార్చేసింది. కొడుకును అత్తకు అప్పగించి ఆమె కర్నూలులో అంగడిలోనో ఆసుపత్రిలోనో పనికి పోయి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరగలదు. పొలం పనుల రోజుల్లో అతను ఊర్లో, మిగతా రోజుల్లో కర్నూలు కట్టుబడి పనిలో. ఇది ఎవరికీ గొప్పగా అనిపించదు. పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి 'హైదరాబాదులో ఉంటాం' అన్నంత దర్జాగా ఉండదు. కానీ అడ్వాన్సు అడగదు, అమ్మానాన్నలను ఒంటరి చేయదు.

ఓర్వకల్లులో విమానాశ్రయం 2021లో వచ్చింది. చుట్టూ సౌర విద్యుత్తు, పరిశ్రమలు వస్తున్నాయి. తంగెడంచలో విత్తన పార్కు అని 2017లో శంకుస్థాపన చేశారు. మంచిదే. నా మాట వింటే, గేటు దగ్గర జీతాల పట్టీ చూసేదాకా ఏ శిలాఫలకాన్నీ ఇంటి లెక్కలో కలుపుకోవద్దు. శిలాఫలకాలు ఎంతకాలం ఎదురుచూపిస్తాయో ఈ ఒడ్డు ఊర్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఇక తీర్పు. కాలువ కింద సొంత పొలం రెండెకరాలున్నా సరే, అప్పు పంటను మించకపోతే, కూతురు అయిదో తరగతి దాటేదాకా కదలకండి. గుత్త మీదే బతుకు నడుస్తూ, రెండేళ్లుగా అప్పు పంటను మించుతూ ఉంటే ఇంకో పంట చూద్దామని ఆగకండి. ఈ కోతలు కాగానే గుత్త వదిలేసి బయల్దేరండి. ముందు కర్నూలు. అక్కడ ఒక ఏడాది గడిచాక ఇంకా దూరం పోవాలనిపిస్తే అప్పుడు పోండి. పోయేటప్పుడు అమ్మానాన్నల పింఛను, రేషన్ కార్డు ఊర్లోనే ఉండనివ్వండి. దేశంలో ఎక్కడున్నా ఆ కార్డు మీద బియ్యం తీసుకునే వీలుంది. పాసుపుస్తకంలో పేరు, అడంగల్‌లో సాగుదారు పేరు ఏటా సరిచూసుకోండి. తమ్ముడికో బంధువుకో పొలం అప్పగిస్తే కాగితం రాసుకోండి, సొంతవాళ్లే కదా అని వదిలేయకండి.

అడ్వాన్సు కోసం, బిడ్డ డొనేషను కోసం, కొత్త బండి కోసం ఆ రెండెకరాలు మాత్రం అమ్మకండి.